నిజనిర్ణేత కుడిచెవి

సెప్టెంబరు 2, మంగళవారం

చెవుల క్లినిక్‌లో అమ్మాయి ఈ నోటుబుక్కు చేతికిచ్చి, నెలరోజులపాటు నాకు వినబడనివన్నీ ఏ రోజుకారోజు రాయమంది. "వినబడనిది వినబడలేదని నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నాను. "మీ ఆవిడ చెబుతారు లెండి" అంది. పక్క కుర్చీలో హెట్టీ అప్పటికే చెప్పడం మొదలుపెట్టబోతున్న మొహంతో కూర్చుని ఉంది.

మొదటి పేజీ అంతా ప్రశ్నలు. పేరు: మెర్విన్ ఆస్క్యూ. వయసు: డెబ్బై నాలుగు. వృత్తి: పియానోలు శ్రుతి చేయడం (మోకాళ్ల వల్ల మానేశాను). మోత తగిలే పని ఏమైనా చేశారా: లేదు.

ఆ 'లేదు' రాస్తుంటే హెట్టీ దగ్గింది. హార్క్‌స్టన్ డౌన్ రేసు ట్రాకు దగ్గర శనివారాలు గడపడం పని ఎలా అవుతుంది? జీతమా ఏమన్నానా? మధ్యాహ్నం ఒక శాండ్‌విచ్ ఇస్తారు, అదీ గుడ్డుది.

క్లినిక్కుకి జాబితా మాత్రం విడిగా కాపీ చేసి ఇస్తాను. మిగతాది నా సొంతం.

వినబడనివి: ఏమీ లేవు.

సెప్టెంబరు 5

కొత్త ఫ్రిజ్ వంటింట్లో గుయ్యిమంటోందని, పేపరు చదువుకోనివ్వడం లేదని హెట్టీ గొడవ. వెళ్లి విన్నాను. గుయ్యి కాదది. మంద్రంలో 'జి' స్వరం, ఒక వెంట్రుకవాసి పైన. నాకు బాగానే ఉంది. ఆ మాట అంటే, "అయితే దాన్నే పెళ్లి చేసుకో" అంది.

షాపువాడికి చూపించడానికి అంకె కావాలంది. రేసు క్లబ్బు వాళ్ల మోత కొలిచే మీటరు మా ఇంట్లోనే ఉంటుంది కదా, తీశాను. ముప్ఫై నాలుగు డెసిబెల్సు చూపించింది. "అబద్ధం" అంది హెట్టీ. ఆవిడ తప్పు కాదు. మీటరుకి రెండు తీర్లున్నాయి. 'ఎ' మీద పెడితే మనిషి చెవిలా వింటుంది. మనిషి చెవి మంద్రాన్ని చాలావరకు మన్నించేస్తుంది. 'సి' మీద పెడితే మన్నింపులేమీ లేవు, మా అత్తగారిలాగ, ఎదుట పడ్డదాన్నల్లా పట్టుకుంటుంది. మీట 'సి'కి తిప్పాను. యాభై ఎనిమిది! హెట్టీ మొహం వెలిగిపోయింది. షాపుకి ఉత్తరం రాయడానికి కూర్చుంది. నేను మీటరును పెట్టెలో పెట్టేసి తోటలోకి వెళ్లాను.

వినబడనివి: ఏమీ లేవు. (తోట కంచెలో పిట్ట అరుస్తోందని హెట్టీ అంది. ఎగిరిపోయి ఉంటుంది.)

సెప్టెంబరు 7

'ఉద్యోగం' అని హెట్టీ వెక్కిరిస్తుంది కానీ, రూల్సు పుస్తకంలో దానికి పెద్ద పేరుంది: నిజనిర్ణేత. గీత దాటింది ఎవరు, జెండా ఊపకముందే కదిలింది ఎవరు, ఎవరి కారు మోత హద్దు మీరింది, ఇలాంటివి తేల్చేవాణ్ణి అలా పిలుస్తారు. నిజనిర్ణేత ఒకసారి చెప్పాక దాని మీద అప్పీలు లేదు. ఇంగ్లండు రాజుగారి జడ్జిల తీర్పులకైనా అప్పీలుంది. నాకు లేదు. ఇరవై రెండేళ్లుగా లేదు.

మోత అంటే ప్రాణం ఇచ్చేవాణ్ణి పట్టుకుని మోతను ఆపే పనిలో పెట్టారు. తాగుబోతును బారుకి కాపలా పెట్టినట్టు. కానీ మా ట్రాకు బతికేదే ఆ హద్దు మీద. చుట్టుపక్కల ఊళ్లతో ఒప్పందం: ఏడాదికి అయిదే అయిదు మోతరోజులు. మిగతా రోజుల్లో కార్లన్నీ మూతికి సైలెన్సరు కట్టుకుని, చర్చిలో పిల్లల్లా తిరగాలి. మోతరోజున కూడా నూట పది దాటకూడదు. దాటితే, కారు ఎవరిదైనా, బండెక్కించుకుని ఇంటికి పోవడమే.

ఎగ్జాస్ట్ గొట్టానికి అర మీటరు దూరంలో, కొంచెం ఏటవాలుగా నిలబడి మీటరు పట్టుకోవాలి. చెవులకు మోత ఆపే కప్పులు పెట్టుకోవాలి. నేను కుడి కప్పును కాస్త వెనక్కి జరిపేవాణ్ణి. జరిపి, మీటరు చూడకుండానే అంకె చెప్పేవాణ్ణి. నూట నాలుగు. నూట ఏడు. ఒకటి అటూ ఇటూ, అంతే. జనం గుమిగూడేవాళ్లు. అర పైంటు బీరు పందెం.

ఈ ఏడాది చెప్పడం మానేశాను. పందాలు మంచి అలవాటు కాదు.

వినబడనివి: ఏమీ లేవు.

సెప్టెంబరు 11

"ఆ మోతలో ఏముందండీ అంతగా?" అని అడిగింది క్లినిక్ అమ్మాయి. అప్పుడు జవాబు తోచలేదు. దారిలో బస్సులో తోచింది, కానీ బస్సులో ఎవరూ అడగలేదు.

నాకు పందొమ్మిదేళ్లప్పుడు చర్చి పాస్టరు గారింటికి పియానో శ్రుతి చేయడానికి సైకిలు మీద పోతున్నాను. ట్రాకు కంచె పక్కన టైరు పంచరైంది. పంపు తీయడానికి వంగానో లేదో, కంచె అవతల నుంచి ఏదో వచ్చింది. చెవిలోంచి కాదు. పక్కటెముకల్లోంచి వచ్చింది. లోపల ఎవరో తలుపులు బాదుతున్నట్టు. ఆ తర్వాత కారు కనబడింది. నేను రెండు గంటలు అక్కడే నిలబడ్డాను. పాస్టరు గారింటికి వెళ్లి శ్రుతిదండం కొడితే, ఆ స్వరం దోమ ఏడ్చినట్టుంది. పియానో అలాగే వదిలేసి వచ్చాను. ఆ ఆదివారం కీర్తనలు ఎలా పాడుకున్నారో దేవుడికి తెలుసు, ఆయనే వినాలి కదా.

తర్వాత లైబ్రరీలో ధ్వని మీద పుస్తకాలన్నీ చదివాను. నాలుగైదు ఉండేవి, ఒకటి చెవిటివాళ్ల కోసం. వాటిలో దొరకనిది కంచె దగ్గర దొరికింది. వేగం కంటికి అబద్ధం చెబుతుంది. దూరం నుంచి చూస్తే అన్ని కార్లూ ఒకే వేగం. మోత అబద్ధం చెప్పదు. మలుపు ముందు డ్రైవరు కాలు కాస్త పైకి లేపితే ఆ భయం మోతలో వినబడుతుంది. లేపకపోతే అదీ వినబడుతుంది, అప్పుడు మన కాలు మనకే తెలియకుండా నేలను నొక్కుతుంది. కళ్లు మూసుకుంటే ఆ మనిషి పక్కన కూర్చున్నట్టే. సైలెన్సరు కట్టిన కారు అలా కాదు. గ్లాసు తలుపు అవతల మనిషి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. పెదాలు కదులుతాయి.

ఈ చివరి వాక్యం ఎందుకు రాశానో తెలియదు.

సెప్టెంబరు 14, ఆదివారం

ఐవర్ ట్రాంటర్ టీకి వచ్చాడు. గొర్రెలు పెంచి రిటైరైనవాడు, యాభై ఏళ్ల స్నేహం. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానం ఇంజను ఒకటి సంపాదించి, తమ్ముడితో కలిసి పాకలో ముప్ఫై ఏళ్లు కుస్తీ పట్టి దాన్ని కారుకి బిగించాడు. దాని పేరు బిషప్. నెమ్మదిగా, బరువుగా, కడుపులోంచి మాట్లాడుతుంది, ప్రతి మాట తర్వాత కాస్త ఆగి. తమ్ముడు పోయాడు. బిషప్ ఉన్నాడు.

"ఒరేయ్ మెర్విన్, ఇరవయ్యో తారీఖు ఆఖరి మోతరోజు. అక్టోబరులో నాకు ఎనభై. ఇంక లైసెన్సు కాగితం మీద సంతకం పెట్టనన్నాడు డాక్టరు. నా మొహం మీదే అనేశాడు."

"నీ మొహం చూస్తే ఎవరైనా అదే అంటారు."

"నీ మొహానికి ఏ డాక్టరూ దొరకలేదు పాపం. సరే విను. ఎనిమిది రౌండ్లు. సైలెన్సరు లేకుండా. బిషప్ చేత నోరారా మాట్లాడించి, తర్వాత పడుకోబెట్టేస్తా. ఇంకేం అక్కర్లేదు నాకు."

తర్వాత టీ కప్పు వైపు చూస్తూ ఇంకేదో అన్నాడు. సర్దుకుని జవాబిచ్చాను. వాడు వెళ్లాక హెట్టీ, "పంచదార ఉందా అని అడిగితే, సెప్టెంబరులో ఎప్పుడూ ఇంతే అంటావేం?" అంది. ఐవర్ ఈమధ్య గొణుగుతున్నాడు. వయసు.

వినబడనివి: ఏమీ లేవు.

సెప్టెంబరు 17

వాన.

సెప్టెంబరు 19

మీటరు సరిచూశాను. దానికో ఈల డబ్బా ఉంటుంది, మైకు మీద తొడిగితే ఒకే స్వరం ఊదుతుంది, మీటరు తొంభై నాలుగు చూపించాలి. చూపించింది. సరిగ్గా తొంభై నాలుగు. చెవులు ఎలాపోయినా మీటరు ఉంది.

పోలేదు. మాటవరసకి రాశాను.

సెప్టెంబరు 20, శనివారం

రాయాలని లేదు. రాస్తాను.

పదిన్నరకి ఐవర్ బిషప్‌ను నా దగ్గరికి తెచ్చాడు. తోలు టోపీ, తమ్ముడి కళ్లద్దాలు. ఉదయం నుంచి చూసిన కార్లలో రెండు మూడు అంచు మీద ఉన్నాయి, మంచి మూడ్‌లో ఉండి వదిలేశానని కాదు, హద్దులోనే ఉన్నాయి. మీటరు కాస్త ఎక్కువగా చూపిస్తున్నట్టు నాకు అనిపించింది. నాకు ఈ ఏడాది చాలా అనిపించాయి.

బిషప్ మాట్లాడాడు. గడ్డి వణికింది. కుడి కప్పు అలవాటుగా వెనక్కి జరిగిపోయింది. లోపల నుంచి అంకె దానంతటది వచ్చింది, పాత రోజుల్లోలాగ. మీటరు చూశాను. నూట పద్నాలుగు.

"నూట పద్నాలుగు" అన్నాను.

ఐవర్ ఇంజను ఆపాడు. "మళ్లీ చూడరా."

రూల్సు ప్రకారం రెండుసార్లు చూడొచ్చు. చూశాను. నూట పద్నాలుగు.

"ఒరేయ్, వీడెప్పుడూ నూట ఎనిమిదీ తొమ్మిదీ దాటలేదు. నీకు తెలియదా? నీ చెవి ఏమంటోంది?"

"మీటరు చెప్పేదే చెవి, ఐవర్."

వెనక క్యూలో ఉన్న కుర్రాళ్లు, "ఇదేం అన్యాయం ముసలాయనా, కొంచెం చూసీచూడనట్టు పోలేవా?" అని నా మీదకొచ్చారు. వాళ్లను ఐవరే ఆపాడు. "నిజనిర్ణేత అన్నాడంటే అన్నాడంతే. పదండి" అన్నాడు. ముగ్గురు కలిసి బిషప్‌ను వెనక్కి నెట్టుకుపోయారు. స్టార్టు చేయలేదు.

పన్నెండింటికి ఐవర్ లేకుండానే వాళ్ల రేసు జరిగింది. ఎనిమిది రౌండ్లు.

సెప్టెంబరు 21

నియమం నియమమే. స్నేహితుడని వదిలేస్తే నేనెందుకు అక్కడ? ఇంజనులో కవాటాలు అరిగి ఉంటాయి, గొట్టానికి చిల్లు పడి ఉంటుంది. పాత ఇంజన్లు ముసలివాళ్లలాగ, ఉన్నట్టుండి గొంతు పెరుగుతుంది. ఈల డబ్బా తొంభై నాలుగు చూపించింది. రెండుసార్లు కొలిచాను.

లోపల వచ్చిన అంకె ఇక్కడ రాయను. నా లోపలి అంకెలకి ఇప్పుడు విలువ లేదు.

సెప్టెంబరు 23

మిసెస్ థర్కెల్ ఫోను. ట్రాకుకు అర మైలు దూరంలో ఇల్లు. ప్రతి మోతరోజు తర్వాత ఫోను చేసి తిట్టడం ఆవిడ హక్కు, వినడం నా విధి. ఫోనులో గొంతు పెద్దది పెట్టుకుంటే బాగానే వినబడుతుంది.

"ఏమిటయ్యా మెర్విన్, మొన్న ఆ కీచు కార్లన్నింటినీ వదిలావు, సూదులతో పొడిచినట్టు చంపేశాయి. ఆ పెద్దాయన గొంతు మాత్రం వినబడలేదేం? ఒంట్లో బాగోలేదా?"

"బిషప్పా? మోత ఎక్కువైందని ఆపేశామండీ."

"ఆయన మోత ఎక్కువా? నీకు మతి పోయిందా! ఆయనొస్తే నా కిటికీ అద్దాలు 'ఊ' కొడతాయి, అంతే. నా డైరీలో చూసుకో, పదకొండేళ్లలో ఆయన మీద ఒక్క ఫిర్యాదు లేదు."

ఆవిడకూ డైరీ ఉంది. ఈ జిల్లాలో అందరం రాసుకుంటున్నట్టున్నాం.

సెప్టెంబరు 25, గురువారం

ఫ్రిజ్ షాపు నుంచి మెకానిక్ వచ్చి ఏదో బిగించి పోయాడు. "తగ్గిందా లేదా చూడు" అంది హెట్టీ. మీటరు తీశాను. 'ఎ' మీద ఉంటుంది కదా, 'సి'కి తిప్పాలని మీట మీద వేలు పెట్టాను.

తిప్పనవసరం లేకపోయింది.

అయిదో తారీఖు నుంచి 'సి' మీదే ఉంది, ట్రాకు హద్దు లెక్కేమో 'ఎ' మీద. ఈల డబ్బాది మధ్యస్థాయి స్వరం. ఎ అయినా సి అయినా దానికి తొంభై నాలుగే. మంద్రంలో మాట్లాడేవాళ్లకే తేడా. మొన్న వచ్చిన అరవై కార్లలో కడుపులోంచి మాట్లాడేది ఒక్కడే.

"తగ్గిందా?" అని హెట్టీ అడుగుతోంది. వినబడింది.

సెప్టెంబరు 26

నూట ఎనిమిది. నాకు లోపల వచ్చింది నూట ఎనిమిది.

సెప్టెంబరు 28

'ఎ' మీద పెట్టినా హద్దు దాటేదేమో. ఎవరు చెప్పగలరు? వాడికి ఎనభై ఏళ్లు, ఆ మలుపులో ఏమైనా అయ్యుంటే? ఒకరకంగా నేను వాణ్ణి కాపాడాను. ఇలా నాలుగు కారణాలు రాసి, అయిదోదాని కోసం చూస్తుంటే హెట్టీ టీ తెచ్చి పెట్టింది. రెండు రోజులుగా ఏమైందని అడగలేదు. అడిగితే తలాడిస్తానని ఆవిడకు తెలుసు.

ఇదొకటి ఒప్పుకోవాలి. పియానోలు మానేసింది మోకాళ్ల వల్ల కాదు. పై స్వరాలు కొడితే చెక్క శబ్దం తప్ప ఏమీ రావడం లేదు. చెక్క శబ్దాన్ని శ్రుతి చేసి రెండేళ్లు డబ్బు తీసుకున్నాను. స్కూలు పియానో అపశ్రుతి పలుకుతోందని వాళ్లంటే చెమ్మ వల్ల అన్నాను. పై స్వరాలు పోయేసరికి చెవి మొత్తం మీదే నమ్మకం పోయింది. మంద్రం మాత్రం చెక్కుచెదరలేదు, ఫ్రిజ్ దగ్గరే తెలిసి ఉండాల్సింది. మొన్న ఆ గడ్డిలో నా చెవి నిజం చెప్పింది. నేనే దానికి అప్పీలు లేకుండా చేశాను.

అక్టోబరు 1

ట్రాకు ఆఫీసుకు వెళ్లాను. రేసులన్నిటికీ పెద్ద ఫిలిపా గారడ్. నా కూతురి వయసు, నా అమ్మమ్మ చూపు. అంతా చెప్పాను. చెవుల సంగతి కూడా.

ఆవిడ రూల్సు పుస్తకం తీసి చాలాసేపు తిరగేసింది. "మెర్విన్ గారూ, నిజనిర్ణేత మాట మీద అప్పీలు లేదు."

"తెలుసు. కానీ ఆ మాట తప్పని నేనే అంటున్నాను కదా."

"మీరన్నా అంతే. మీ మాట మీద మీరు కూడా అప్పీలు చేయలేరు." నవ్వలేదు. "మోతరోజులు అయిపోయాయి. ఆరోది అడిగితే వచ్చే ఏడు అయిదు కూడా ఇవ్వరు. ఆయన లైసెన్సు ఎప్పటిదాకా?"

"ఈ నెల పదమూడు."

పుస్తకం మూసింది. "మీరు ఈ విషయం చెప్పాల్సింది నాకు కాదు."

మీటరు బల్ల మీద పెట్టి వచ్చేశాను. 'ఎ'కి తిప్పి పెట్టాను.

అక్టోబరు 2

ఐవర్ పాకలో బిషప్ బానెట్ మీది తోలు పట్టీలకు నూనె రాస్తున్నాడు.

"మీటరు 'సి' మీద ఉండిపోయింది" అన్నాను.

"సి అంటే?"

"ఫ్రిజ్."

"ఏ ఫ్రిజ్?"

"హెట్టీది. గుయ్యిమంటుందని కొలిచాను. మళ్లీ తిప్పలేదు."

వాడు గుడ్డ కింద పెట్టాడు. "అంటే నా ఆఖరి రేసు హెట్టీ ఫ్రిజ్ ఆపిందంటావు."

"కాదు. నేను ఆపాను."

"నీ చెవికి ఎంత వినబడింది ఆ రోజు? అడిగాను కూడా."

"నూట ఎనిమిది."

"మరి అనలేదేం?"

"చెవి పోయిందనుకున్నాను. రెండేళ్లుగా."

"పోయిందని నాకు తెలుసురా! ఊరందరికీ తెలుసు. నీకొక్కడికే తెలియదు." వాడి గొంతు లేచింది, ప్రతి మాటా వినబడింది. "నాకు మండేది రేసు గురించి కాదు. జూన్‌లో, ఇదే పాకలో, నా ఎడమ కంట్లో మసక కమ్ముతోందని చెప్పాను నీకు. పిల్లలకు చెప్పలేదు, డాక్టరుకి చెప్పలేదు, నీకు చెప్పాను. నువ్వు తలాడించి, 'మంచిదే కదా' అన్నావు."

నాకు గుర్తుంది. జూన్ కాదు, ఆ తలాడించడం గుర్తుంది. పట్టీల గురించి అనుకున్నాను.

"ఏమన్నావని ఒక్కసారి అడిగితే నీ సొమ్మేం పోయేదిరా?"

"వెళ్లు" అన్నాడు. వెళ్లాను.

అక్టోబరు 3

నిజనిర్ణేత పని మానుకుంటున్నట్టు ఫిలిపాకు ఉత్తరం వేశాను. క్లినిక్‌కు ఫోను చేసి చెవి యంత్రాలకు కొలతలు ఎప్పుడు తీస్తారని అడిగాను. ఎప్పుడన్నారో మూడుసార్లు చెప్పించుకున్నాను. మంగళవారం, తొమ్మిదీ ఇరవై.

అక్టోబరు 5, ఆదివారం

పదకొండుకి ఐవర్ ఫోను చేశాడట, నాకు కాదు, హెట్టీకి. "మీ ఆయన్ని తీసుకురా" అన్నాడట, అంతే. హెట్టీ కారు నడిపింది. దారిలో ఏమీ మాట్లాడలేదు, లేదా మాట్లాడింది.

బిషప్‌ను పాకలోంచి బయటికి నెట్టి, చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి ఉంచాడు. సైలెన్సరు లేదు. తోలు టోపీ, తమ్ముడి కళ్లద్దాలు పెట్టుకుని సీట్లో కూర్చున్నాడు. ఎక్కడికీ పోని కారులో అంత సిద్ధంగా కూర్చున్న మనిషిని నేను చూడలేదు.

"థర్కెల్‌కి ఫోను చేసి ఒక్క నిమిషం అని అడిగా" అన్నాడు, మొహం నా వైపు తిప్పి, ఒక్కో మాటా విడదీసి. "రెండు నిమిషాలు ఇచ్చింది. నీ చోట నిలబడు."

గొట్టానికి అర మీటరు దూరం, ఏటవాలుగా. చేతిలో మీటరు లేకపోతే చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గుండె మీద పెట్టుకున్నాను. హెట్టీ వచ్చి నా రెండు చెవులకూ కప్పులు తొడిగి, కుడిదాన్ని ఇంకాస్త గట్టిగా నొక్కింది.

బిషప్ గొంతు సవరించుకున్నాడు. పాక రేకులు, బకెట్టులో నీళ్లు, నా పళ్లు, ఒకదాని తర్వాత ఒకటి అందుకున్నాయి. కప్పులు పెట్టుకున్నా తేడా ఏమీ లేదు. అది వచ్చే దారి అటు కాదు. పందొమ్మిదేళ్లప్పుడు వచ్చిన దారినే వచ్చింది. క్లినిక్ అమ్మాయి అడిగినదానికి జవాబు ఇదే అనుకుంటా: ఇంత మోతలో ఎవరూ వినబడినట్టు నటించలేరు.

"నూట ఎనిమిది!" అని అరిచాను. ఐవర్ బొటనవేలు పైకెత్తాడు. తర్వాత స్టీరింగు మీదకు వంగి పెదాలు కదిపాడు. రెండు మూడు మాటలు. ఇంజను ఆపేశాడు.

వినబడనివి: తోట కంచెలో పిట్ట. పియానో పైవైపు పదకొండు స్వరాలు. వంటింట్లోంచి హెట్టీ పిలిచే చాలా పిలుపులు. జూన్‌లో ఐవర్ కన్ను. ఈ రోజు బిషప్ మోతలో ఐవర్ అన్న మాట.

దగ్గరికి వెళ్లాను. "ఏమన్నావు?" అని అడిగాను.

కళ్లద్దాలు తీసి ఎడమ కన్ను తుడుచుకున్నాడు. "నీతో కాదురా" అన్నాడు, బిషప్ స్టీరింగును తడుతూ. "వాడితో అన్నాను."